నకలు పద్దు

ప్రతి నెలా మూడో తారీఖున
బోగుమివ్ వ్జోస్ గారి తాళాల కొట్టుకి వెళతాను.
టోరూన్‌లో ట్రామ్ దిగి, నది వైపు ఆరు నిమిషాల నడక.
వెనక గదిలో ఆయన కంప్యూటరు,
అందులో ఒక ముసలి లెక్కల సాఫ్ట్‌వేరు,
ఇరవై రెండేళ్ల కిందట సీడీలో కొన్నది.
అది ఎవరితోనూ మాట్లాడదు.
బ్యాంకుతో అసలే మాట్లాడదు.
మధ్యవర్తిని నేను.

బ్యాంకు వండేది ఒక తీరు,
ఈ ముసలిది తినేది ఇంకో తీరు.
ఫైలు తెరవగానే ఆరు వరసలు
బ్యాంకు తన గొప్పలు చెప్పుకుంటుంది, అవి కోసేయాలి.
మా దేశంలో గ్రోషుల ముందు కామా పెడతాం,
దీనికేమో చుక్క కావాలి.
మొదటి నెల తెలియక అలాగే పంపిస్తే
పన్నెండున్నర జ్లోటీల కాఫీ
పన్నెండువందల యాభై అయి కూర్చుంది.
"ఆ కాఫీలో ఏం కలిపారో" అన్నాడాయన, నవ్వకుండా.

తేదీలదీ అదే గొడవ,
బ్యాంకుకి ఏడాది ముందు, దీనికి రోజు ముందు.
పేర్లకైతే మరీ అన్యాయం:
ఇత్తడి సరుకు పంపే జూవ్తొవ్‌స్కీ కంపెనీ
ఒత్తులూ గీతలూ రాలిపోయి
మొదటి మూడక్షరాలు ప్రశ్నార్థకాలై
తోక మాత్రం మిగులుతుంది.
ఒక్కొక్కటీ తిరిగి అతికిస్తాను.
ముందు గదిలో ఆయన తాళంచెవి అరగదీస్తుంటాడు.
ఆకురాయి చప్పుడుకీ నా మీటల చప్పుడుకీ
పెద్ద తేడా లేదు,
గాడి కుదిరేదాకా గీకడమే ఇద్దరి పనీ.

అన్నీ సరిచేసి లోపలికి పంపితే
ముసలిది ఒకచోట ఆగేది.
"ఈ పద్దు రెండుసార్లు వచ్చింది. ఒకటి తీసేయనా?"
అదే తేదీ. అదే కాఫీ హోటలు. అదే పన్నెండున్నర.
ప్రతి గురువారం, జతగా.

మొదటిసారి తీసేయమన్నాను.
నిలవలో యాభై జ్లోటీలు తేడా.
చీకటి పడేదాకా వెతికాను, ట్రామ్ వెళ్లిపోయింది.
ఆకురాయి పట్టుకునే వచ్చి తెర వంక చూశాడు.
"తీయకు. రెండూ నిజమే.
నాది నేను వెళ్లగానే తాగేస్తాను.
ఆమె వచ్చేసరికి అరగంట పడుతుంది,
అప్పుడు లేచి వెళ్లి ఆమెది కొంటాను."
ఆమె ఎవరని అడగలేదు.
బ్యాంకు ఫైల్లో ఆ గడి లేదు.

తర్వాత తర్వాత చిన్న స్క్రిప్టు ఒకటి రాసుకున్నాను.
కామాలూ తేదీలూ అదే చూసుకునేది.
ఇదొక్కటీ దానికి నేర్పలేదు.
నాలుగేళ్లు, గురువారానికోసారి,
"ఉంచు" అని చేత్తోనే నొక్కాను.
ఒక వేసవిలో ధర పదమూడు ఎనభై అయింది, రెండు చోట్లా.
ఒక గురువారం కేకు కూడా ఉంది,
ఒక్కటే ముక్క.

మొన్న ఫిబ్రవరి ఫైలు.
మంచు కరిగి గుమ్మం ముందంతా బురద.
ఎప్పట్లాగే దించుకుని, పైన ఆరు వరసలు కోసి,
జూవ్తొవ్‌స్కీకి తల అతికించి
లోపలికి పంపాను.
ఎక్కడా ఆగలేదు.
నూట పద్దెనిమిది పద్దులు
నూనె వేసిన తాళంలోకి చెవి దిగినట్టు
దిగిపోయాయి.

నాదే ఏదో పొరపాటని మళ్లీ తెరిచాను.
గురువారం, ఒకటి.
గురువారం, ఒకటి.
మూడో గురువారం అసలే లేదు.
నాలుగోది, ఒకటి.
నిలవ చివరి గ్రోషు దాకా సరిపోయింది.

ముందు గదిలో చప్పుడు ఆగింది.
"కుదిరిందా?"

"ఎక్కడో చిన్న తేడా ఉందండీ,
కాసేపు కూర్చోవాలి" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుని, కెటిల్ పెట్టి,
నాకు చక్కెర ఎన్ని చెంచాలో
మొదటిసారి అడిగాడు.